తుడిచేసిన స్లైడు

నాకు ముక్కు మీద కోపమని నర్సీపట్నంలో నా చేత వేలు పొడిపించుకున్న వాళ్లెవరైనా చెబుతారు. నిజమే, కాదనను. బస్టాండు వెనక వీధిలో డాక్టర్ ఈశ్వరరావు గారి క్లినిక్కులో పధ్నాలుగేళ్లుగా ల్యాబు నాదే. ల్యాబంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక కిటికీ, ఆ కిటికీ పక్కన ఒక మైక్రోస్కోపు. కరెంటు పోతే దాని అద్దం ఎండవైపు తిప్పుకుని చూసేదాన్ని. కొండల మీద నుంచి సంతకి దిగేవాళ్లు నన్ను "రగతం అమ్మ" అంటారు. వరహాలక్ష్మి అనే పేరు నాకొకటుందని ఓటరు లిస్టుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఈ పధ్నాలుగేళ్లలో ఎన్ని వేల స్లైడ్లు చూశానో నాకే తెలియదు. కొన్నిట్లో పొరపాటు పడే ఉంటాను, ఎవరు పడరు? కానీ పొరపాటు పడటం వేరు. కళ్లెదురుగా కనిపించినదాన్ని చేత్తో తుడిచెయ్యడం వేరు. నేను మూడు స్లైడ్లు అలా తుడిచాను. మూడూ ఒక్క పిల్లవే. పేరు సీతాలు. ఆ పిల్ల ఇప్పుడు లేదు.

ఎందుకు తుడిచానో తెలియాలంటే మా నాన్న సంగతి చెప్పాలి. మాది ఏటికొప్పాక. నాన్న లక్క బొమ్మలు చేసేవాడు. అంకుడు కర్రని లేత్ మీద తిప్పి, రంగు లక్క పట్టించి, మొగలాకుతో మెరుగు పెట్టేవాడు. ఎంత చెయ్యి తిరిగినవాడైనా కొన్ని బొమ్మలు పగుళ్లిస్తాయి, కొన్నిటికి రంగు చారలుచారలుగా పడుతుంది. అలాంటిది కనిపిస్తే నాన్న క్షణం కూడా ఉంచేవాడు కాదు, నేరుగా పొయ్యిలో పడేసేవాడు. ఒకసారి మెడ దగ్గర సన్నగా పగిలిన చిలకని నేను గౌను కింద దాచుకున్నాను. ఎంత ఏడ్చినా వినలేదు, లాక్కుని విరిచి మంటలో వేశాడు. "ఇది ఎవరి కంటయినా పడితే నా మిగతా సరుకుని కూడా అనుమానంగా సూస్తారే పిల్లా" అన్నాడు. ఆ చిలక కోసం వారం రోజులు ఏడ్చాను. ఏడుపు పోయింది గానీ ఆ అలవాటు మాత్రం నాకు అంటుకుంది. చెడిన పని ఎవరూ చూడకముందే మాయమైపోవాలి.

నా స్లైడ్లంటే డాక్టరు గారికి ముచ్చట. "మా వరాలు స్లైడు తీస్తే అద్దంలో మొహం చూసుకోవచ్చు" అని వచ్చిన వాళ్లందరికీ చెప్పేవారు. సాయంత్రం టీ తాగుతూ నా గదికి వచ్చి ఒకటి రెండు స్లైడ్లు తనే చూసేవారు. ఆ వేళకి బల్ల మీద ఒక్క వంకర స్లైడు కూడా ఉండకూడదని నా పంతం. ఆయనెప్పుడూ నన్ను ఒక్క మాటా అనలేదు. అననివ్వకూడదనే నా తాపత్రయం.

తొంభై నాలుగు జూలైలో, ముసురు పట్టిన ఒక రోజు, కృష్ణదేవిపేట దాటి కొండ మీదున్న ఊరి నుంచి సోమలమ్మ అనే ఆవిడ కూతుర్ని వీపున కట్టుకుని తెచ్చింది. పిల్లకి ఎనిమిదేళ్లట. చూస్తే ఐదనిపిస్తుంది. కళ్లు పసుపు పూసినట్టున్నాయి. మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, ఏడవడానికి కూడా ఓపిక లేకుండా పడి ఉంది.

"ఏటయిందే?" అన్నాను.

"జొరం అమ్మా. ఎముకల్లో నొప్పులు. వానలో తడిసినా, ఏట్లో తానం సేసినా ఇంతే. సంటి గుంటప్పుడు సేతులూ కాళ్లూ బూరెల్లాగ పొంగిపోయీవి."

ఆ మాటలు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. చలి తగిలితే నొప్పులు, చంటిపిల్లప్పుడు చేతుల వాపు, పచ్చటి కళ్లు. ఆ తల్లి జబ్బు మొత్తం విప్పి చెప్పింది. నేను వింటేగా! బయట ఇరవై మంది కూర్చున్నారు. "సరే సరే, వేలు ఇలాగ పట్టు" అన్నాను.

మలేరియా కోసం రక్తం చూసేటప్పుడు రెండు రకాలుగా పూస్తాం. ఒక గాజుపలక మీద చుక్కని పల్చగా లాగుతాం. అందులో ఒక్కో రక్తకణం ఆకారం విడివిడిగా కనిపిస్తుంది. ఇంకో పలక మీద చుక్కని మందంగా ఉంచి నీళ్లలో పెడతాం. అందులో ఎర్ర కణాలన్నీ కరిగిపోతాయి, మలేరియా క్రిములుంటే అవే మిగులుతాయి. ఆ రోజు పల్చటి స్లైడు పెట్టి చూస్తే, గుండ్రటి కణాల మధ్య అక్కడక్కడా సన్నగా, పొడుగ్గా, రెండు కొసలూ వాడిగా వంగిపోయిన కణాలు కనిపించాయి. నాన్న లేత్ కింద రాలే చెక్క పీలికల్లా ఉన్నాయి. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు, సిగ్గేసింది. ముసురుకి స్లైడు సరిగ్గా ఆరక కణాలు వడిలిపోయాయనుకున్నాను. ఛీ, ఇదేం పనని నన్ను నేనే తిట్టుకుని, స్పిరిట్ దూదితో తుడిచి పారేశాను. ఇంకోటి పల్చగా తీద్దామంటే మళ్లీ అలాగే వస్తుందని భయం. అందుకని మందపు చుక్క ఇంకోటి వేసి, దాన్నే చూసి, మలేరియా లేదని రాసిచ్చాను. మందపు చుక్కలో ఎర్ర కణాలే ఉండవు. గుండ్రటివీ లేవు, వంకరవీ లేవు. సాయంత్రం డాక్టరు గారు చూసేసరికి నా స్లైడు కడిగిన ముత్యంలా ఉంది.

"ఏజెన్సీ పిల్ల, జ్వరం, పచ్చకళ్లు, ఒంట్లో రక్తం లేదు. మలేరియా కాక ఇంకేమవుతుంది? ఒక్కోసారి క్రిములు స్లైడులో దొరకవు" అన్నారాయన. క్లోరోక్విన్ మాత్రలూ, రక్తం పట్టడానికి ఐరన్ టానిక్కూ రాసిచ్చారు. ఆయన్ని తప్పుపట్టలేను. ఆ రోజుల్లో కొండ మీద నుంచి జ్వరంతో దిగిన పదిమందిలో తొమ్మిదిమందికి మలేరియాయే.

మరుసటి ఏడాది చలికాలంలో మళ్లీ తెచ్చింది. మళ్లీ అవే నొప్పులు, అదే జ్వరం. నేను పల్చటి స్లైడు తీశాను, మళ్లీ అవే వంకర కణాలు. ఈసారి కోపం నషాళానికెక్కింది. నా మీద నాకొచ్చిన కోపం ఎదురుగా ఉన్నవాళ్ల మీద పడటం నాకు మామూలే.

"సేతులు తుడుసుకోకుండా వచ్చీసేరేటి? తడి తగిలితే రక్తం పాడైపోద్దని తెలీదేటి నీకు? నా టైమంతా మీకే సరిపోయేలాగుంది!" అని అరిచాను.

సోమలమ్మ బెదిరిపోయింది. "తప్పయిపోనాదమ్మా. ఇంకెప్పుడూ తడి సేత్తో తేను" అంది. పిల్ల తన వేలు వంక తనే చూసుకుంది, ఏదో నేరం చేసినట్టు. నేను స్లైడు తుడిచేసి మందపు చుక్క వేశాను.

మూడోసారి తొంభై ఆరు సెప్టెంబరులో. బయట ఎండ మాడుస్తోంది. నా గదిలోకి అడుగు పెట్టగానే సోమలమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని, కొంగుతో ఒక్కో వేలూ తుడిచి, నోటితో ఊది మరీ ముందుకు చాపింది.

"తడి నేదమ్మా, సూడు" అంది.

సీతాలుకి అప్పటికి పదేళ్లు. నొప్పిలో ఉండి కూడా నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించింది. నా కోపం ఎక్కడ మళ్లీ లేస్తుందోనని కాబోలు. సూదితో పొడిచాను. స్లైడు లాగాను. ఫ్యాను కింద పెడితే నిమిషంలో ఆరింది. చూస్తే అవే, కొసలు వాడిగా వంగినవి.

ఇప్పుడు చెప్పబోయేది ఇన్నేళ్లలో డాక్టరు గారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నాకు అనుమానం వచ్చింది. తడి లేదు, ముసురు లేదు, నా చెయ్యి వణకలేదు. మరి ఇవేమిటి? డాక్టరు గారి గది పది అడుగుల దూరం. పిలుద్దామని కుర్చీలోంచి సగం లేచాను కూడా. అప్పుడు తట్టింది, "ఇంతకు ముందూ ఇలాగే వచ్చిందా?" అని ఆయన అడిగితే ఏం చెప్పాలి? వచ్చిందండీ, రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ తుడిచేశానండీ అనాలా? "మా వరాలు" అని అందరికీ గొప్పగా చెప్పే మనిషి ముందు? లేచినదాన్ని మళ్లీ కూర్చున్నాను. దూది తీసుకున్నాను. తుడిచేశాను.

గది గుమ్మంలో నిలబడి సోమలమ్మ నన్నే చూస్తోంది. "మా గుంట కోసం మల్లీ సేస్తన్నావా తల్లీ" అంది. నేను తలెత్తలేదు.

ఆ రోజు డాక్టరు గారు వాళ్లకి ఎక్కువ మాత్రలు ఇప్పించారు. "జ్వరం రాగానే బేగి వేసెయ్యండి, ఇంత దూరం దిగేదాకా ఆగకండి" అన్నారు. మంచికే అన్నారు.

తొంభై ఏడు ఫిబ్రవరిలో సోమలమ్మ ఒక్కతే వచ్చింది. చింతపండు అమ్ముకుని, బస్సుకి టైముందని నన్ను చూడ్డానికి వచ్చిందట. సీతాలు పోయిందని నిలబడే చెప్పింది. సంక్రాంతి వెళ్లిన వారానికి జ్వరం వచ్చింది, గుండెల్లో పోటు అంది, ఊపిరి అందలేదు. ఇంట్లో మాత్రలున్నాయి కదాని వేశారు. మలేరియాయే కదా, తగ్గుతుందని రెండు రోజులు చూశారు. మూడో రోజు డోలీ కట్టి దింపుతుంటే దారిలోనే అయిపోయింది.

"మీరు సెప్పినట్టే ఏసినామమ్మా మాత్రలు. ఒక్క పూట కూడా తప్పలేదు" అంది. ఆ మాటలో నింద లేదు. తన వల్ల లోపం జరగలేదని నాకు ఒప్పజెప్పుకుంటోంది. నేను రెండు ముక్కలు ఓదార్చి పంపించాను. పాపం అనుకున్నాను. మలేరియా ఎంత పాడు జబ్బో అని కూడా అనుకున్నాను, సిగ్గు లేకుండా.

రెండువేల నాలుగులో విశాఖలో ల్యాబు వాళ్లకి మూడు రోజుల ట్రైనింగు పెట్టారు. నాకివన్నీ తెలిసినవేనని గొణుక్కుంటూ వెళ్లాను. రెండో రోజు చీకటి చేసిన హాల్లో తెర మీద ఒక స్లైడు బొమ్మ వేశారు. గుండ్రటి కణాల మధ్య సన్నగా, పొడుగ్గా, కొసలు వాడిగా వంగినవి.

సికిల్ సెల్ అన్నారు పాఠం చెప్పే పెద్దాయన. రక్తంలో ఆ లోపం తల్లి నుంచీ, తండ్రి నుంచీ ఇద్దరి నుంచీ వస్తే బిడ్డకి ఈ జబ్బు వస్తుందట. చలికి, దాహానికి, జ్వరానికి కణాలు కొడవళ్లలా వంగి సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడతాయి, అందుకే ఆ నొప్పులు. త్వరగా విరిగిపోతాయి, అందుకే పచ్చకళ్లు, రక్తం తక్కువ. మన కొండ కుటుంబాల్లో చాలామందికి ఉంది, మలేరియా అనుకుని వదిలేస్తున్నారు అన్నారు. పూర్తిగా పోగొట్టలేకపోయినా రోజూ ఫోలిక్ మాత్ర, దండిగా నీళ్లు, చలి తగలకుండా చూసుకోవడం, జ్వరమో గుండెల్లో పోటో వస్తే ఆ రోజే ఆసుపత్రికి తేవడం, అవసరమైతే రక్తం ఎక్కించడం, ఇంత చేస్తే పిల్లలు పెరిగి పెద్దవాళ్లవుతారట.

నేను లేచి నిలబడ్డాను. "స్లైడు నెమ్మదిగా ఆరినా ఇలాగే వస్తాయి కదండీ?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. అవునంటారని ఆశ.

"రావమ్మా. సరిగ్గా ఆరకపోతే అంచులు ముళ్లుముళ్లుగా ముడతలు పడతాయి. ఇలా కొడవలిలా మాత్రం వంగవు" అన్నారాయన.

మర్నాడు ట్రైనింగు ఎగ్గొట్టి మొదటి బస్సెక్కి నర్సీపట్నం వచ్చేశాను. డాక్టరు గారికి అప్పటికి డెబ్భై దాటాయి, పొద్దున పూట మాత్రమే కూర్చుంటున్నారు. మొత్తం చెప్పాను. కుర్చీలోంచి సగం లేచి కూర్చున్న సంగతి కూడా. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మాకు కాలేజీలో పరీక్షకి వచ్చిందమ్మా ఈ స్లైడు. ఒక్క చూపుకి గుర్తుపట్టాను. ఒక్కసారి నాకు చూపించి ఉంటే, వరాలూ..." అని ఆపేశారు. మళ్లీ ఆయనే అన్నారు. "నేను మాత్రం ఏం చేశాను? మూడుసార్లు మలేరియా కనపడకపోతే మరి ఇదేమిటని ఒక్కసారైనా అడిగానా? వెళ్లు. ఆ ఇంట్లో ఇంకా పిల్లలున్నారేమో చూడు."

ఫలితం ముందే చెప్పేస్తాను, దాచిపెట్టి ఊరించే ఓపిక నాకు లేదు. ఉంది, ఇంకో పిల్ల ఉంది. పేరు దుర్గ. సీతాలు పోయిన ఏడాదే పుట్టింది. దానికీ అదే జబ్బు. ఇప్పుడు పదేళ్లొచ్చాయి, రోజూ మాత్ర వేసుకుంటుంది, చలికాలం స్వెట్టరు విప్పదు, నీళ్లు తాగమంటే నా మీద కస్సుమంటుంది. నాకు చెప్పాలనిపించేది దాని గురించి కాదు, నేను కొండెక్కిన రోజు గురించి.

కృష్ణదేవిపేట దాకా షేర్ ఆటోలో, అక్కడి నుంచి జీపులో, ఆ పైన నడిచి వెళ్లాను. సోమలమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి నమ్మలేకపోయింది. "రగతం అమ్మ! నువ్వేటి తల్లీ ఇంత దూరం?" అని చాప వేసింది. పక్కింటి వాళ్లని పిలిచి మరీ చూపించింది. దుర్గ లోపల దుప్పటి కప్పుకుని పడుకుంది. వారం నుంచి నొప్పులట. చూరుకి వేలాడుతున్న సంచిలో క్లోరోక్విన్ మాత్రలున్నాయి. అవే వేస్తున్నారు.

పక్కింటి వాళ్లు వెళ్లేదాకా ఆగి చెప్పడం మొదలుపెట్టాను. నా బతుకులో అంత నెమ్మదిగా ఎవరితోనూ మాట్లాడలేదు. మీ సీతాలుది మలేరియా కాదు సోమలమ్మా అన్నాను. దాని రక్తంలో జబ్బు నాకు కనిపించింది, మూడుసార్లు కనిపించింది, మూడుసార్లూ నేనే తుడిచేశాను అన్నాను.

ఆవిడ చేతిలో చింతపండు అలాగే ఉంది. "ఎందుకు తుడిసినావమ్మా?" అంది.

"నా పని సెడిపోయిందనుకున్నాను. ఎవరైనా సూస్తే నాకు మాటొస్తాదని."

చేతిలోని చింతపండు చేటలో పెట్టేసింది. తిట్టినా బాగుండేది, జుట్టు పట్టుకున్నా బాగుండేది.

"మా గుంట కోసం ఆయమ్మ రెండేసిసార్లు సేస్తాదని ఊరంతా సెప్పుకున్నానమ్మా" అంది. "అంత సెరద్ద ఇంకెవులు సూపుతారని సెప్పీదాన్ని."

నేను ఏడ్చేశాను. ఏడవడానికి నాకేం హక్కుంది, అయినా ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

"ఆ గాజుముక్క ఉంచుంటే మా సీతాలు బతుకునా?"

అబద్ధం చెప్పి ఇద్దరం తేలికపడే వీలుంది. చెప్పలేదు. "ఏమో సోమలమ్మా. కాయంగా సెప్పలేను. ఆ రెండు రోజులు ఇంట్లో ఉంచకుండా బేగి దింపీవోరు. రక్తం ఎక్కించేవోరు. బతికేదేమో" అన్నాను.

సోమలమ్మ లేచి లోపలికి వెళ్లింది. ఇక నన్ను పొమ్మంటుందని సంచి దగ్గరకి లాక్కున్నాను. అందులో గాజుపలకలు, సూదులు, ఈ జబ్బుని పట్టే మందునీళ్ల గొట్టాలు ఉన్నాయి. ఏ మొహం పెట్టుకుని అడగను?

లోపల కుండలో నీళ్ల చప్పుడైంది. దుర్గని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ బయటకు తెచ్చింది. నా ఎదురుగా కూర్చోబెట్టింది. కొంగు తీసి ఆ పిల్ల వేళ్లు ఒక్కొక్కటే తుడిచింది. బొటనవేలు, చూపుడువేలు, వేలికీ వేలికీ మధ్య కూడా. నోటితో ఊది, ఆ చిన్న చెయ్యిని నా వైపు చాపింది.

"తడి నేదమ్మా, సూడు" అంది.

నేను సూది తీసి, ఆ వేలు పట్టుకున్నాను.

"సీతాలు వేలికి కూడా ఏనాడూ తడి లేదు సోమలమ్మా" అన్నాను.